రాయి ఎవరి పేరు మీద?

అక్టోబరు ముప్పయ్యో తారీఖు పొద్దున్న డెన్జిల్ ట్రెగియర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, అక్క సమాధి రాయిని వ్యానులో పెట్టుకుని, ప్లిమత్‌లో ఓడ ఎక్కాలి. మధ్యాహ్నానికి సముద్రం అవతల, వేరే దేశపు రేవు రోస్కాఫ్‌లో దిగాలి. మర్నాడు రాయి నిలబెట్టాలి. ఆపై రోజు నవంబరు ఒకటి. ఆ రోజు అక్కడి జనం, బ్రెటన్లు, ఊరూరా చేమంతులు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తారు. అక్క మొర్వెన్నా పోయాక వచ్చే మొదటి నవంబరు ఒకటి ఇదే. ఆమె తల దగ్గర ఉన్నది ఒక కర్ర శిలువ. ఊరంతా వచ్చి, రాళ్ళు చెక్కేవాడి అక్కకు కర్రముక్కా అనుకుని పోకూడదు. డెన్జిల్ బాధంతా అదే.

అతనికి అరవై ఎనిమిదేళ్ళు. కార్న్‌వాల్‌లో పలక రాయి మీద పోయినవాళ్ళ పేర్లు చెక్కడం నలభై ఐదేళ్ళుగా చేస్తున్న పని. ఐరోపా దేశాల కూటమిలో ఉందామా, బయటికి పోదామా అని దేశం ఓటేసిన ఏడు ఇతను పోదామనే వేశాడు. మొర్వెన్నా అంతకు చాలా ముందే రోస్కాఫ్ ఉల్లిరైతు ఎర్వాన్ కెర్మారెక్‌ను చేసుకుని అటు వెళ్ళిపోయింది. ఓటు ఫలితం వచ్చిన రోజు రాత్రే ఫోన్ చేసింది. "ఒరేయ్, రేపు నన్ను చూడ్డానికి రావాలన్నా కాగితం కావాలిరా!" అంది. "ఏ కాగితమూ అక్కర్లేదు. నాకు రావాలనిపించిన రోజు వస్తా" అన్నాడు ఈ మహానుభావుడు. అక్కడితో ఇద్దరికీ మాటల్లేవు. ఆమె పోయిందని కబురు వచ్చిన రోజున పరుగున పాస్‌పోర్టు తీసి చూస్తే, గడువు దాటిపోయి ఉంది. అంత్యక్రియలు అతను లేకుండానే జరిగాయి. ఎవరిని తిట్టుకోవాలో తెలియక ఏడాదంతా ఆ రాయిని చెక్కుతూ కూర్చున్నాడు.

ఇక రాయిని దేశం దాటించే కాగితాల సంగతి. మూడు వారాల పాటు వంటింటి బల్ల మీద భార్య హెస్టర్ ప్రశ్నలు చదవడం, ఇతను జవాబులు చెప్పడం.

"సరుకు ఎవరికి?"

"అక్కకి."

"మీ అక్క లేదు కదయ్యా!"

"మన పని పుస్తకంలో రాయి ఎవరి పేరు మీద రాస్తాం? పోయినవాళ్ళ పేరు మీదే కదా? డబ్బిచ్చేవాళ్ళ పేరు మీద ఎప్పుడైనా రాశామా?"

నిజమే, రాయలేదు. డబ్బిచ్చే బిడ్డలు మధ్యలో పోట్లాడుకుని మారిపోతుంటారు. పోయినవాళ్ళు మాత్రం మారరు. అందుకని నలభై ఐదేళ్ళుగా ఆ కొట్లో అదే పద్ధతి. హెస్టర్ రాసేసింది.

"విలువ ఎంత?"

"అక్క రాయికి వెల కడతానా?"

"ఏదో ఒక అంకె వేస్తేగాని కంప్యూటరు ముందుకు పోనివ్వట్లేదు."

"అయితే ఒక్క పౌను అని రాసెయ్యి."

రాయికి పెట్టె కావాలి. నాన్న పాత షెడ్డు తాలూకు చెక్కలు మిగిలి ఉన్నాయి. వాటితోనే బిగించాడు. అక్క చిన్నప్పుడు ఆడుకున్న షెడ్డు, సంతోషిస్తుంది అనుకున్నాడు.

రోస్కాఫ్ రేవులో సుంకాల ఆఫీసరమ్మ సొయిజిక్ ఆ కాగితాలను రెండుసార్లు చదివింది.

"నూట పది కిలోల చెక్కిన రాయి ఒక పౌనా? ఇంత చవగ్గా ఎక్కడ అమ్ముతున్నారండీ?"

"అమ్మడానికి కాదమ్మా. అక్కకి తెచ్చాను."

సరే, అక్కనే అడుగుదామని ఆమె కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. ఎర్వాన్ ఎత్తాడు. భార్య పోయిందన్న మాట ఇంతవరకూ అతని నోటి వెంట రాలేదు. పాపం, ఎవరడిగినా ఒకటే జవాబు.

"మదాం కెర్మారెక్ ఉన్నారా?"

"ఇంట్లో లేదండీ."

"ఎప్పుడొస్తారు?"

"చెప్పలేనండీ" అని పెట్టేశాడు.

సరుకు అందుకునేవారు అందుబాటులో లేరని సొయిజిక్ రాసుకుంది. "ఆవిడ వచ్చి సంతకం పెట్టాలండీ. లేకపోతే రేపటి ఓడలో రాయి వెనక్కి పోతుంది."

"ఆవిడ రాలేదమ్మా. చనిపోయింది."

సొయిజిక్ కలం కింద పెట్టింది. "ఎప్పుడు?"

"నిరుడు నవంబరు ఎనిమిదిన."

"అంటే, చనిపోయి ఏడాది కావస్తున్న మనిషికి మీరు ఇవాళ ఒక పౌను సరుకు పంపారు" అని ఆమె మెల్లగా అంది. గొంతులో వెటకారం లేదు. ఎలా రాసుకోవాలో తెలియక అలా పైకి చెప్పుకుంది, అంతే. "చనిపోయినట్టు రుజువేమైనా ఉందా?"

"వ్యానులో ఉంది. తేదీతో సహా."

"చూపించండి."

పెట్టె దింపి మూత తీశారు. పలక మీద పేరు, రెండు తేదీలు, కింద 'అక్క' అన్న ఒక్క మాట. సొయిజిక్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"ఇది మీరు చెక్కింది కదండీ. పురపాలక కార్యాలయం వాళ్ళు ఇచ్చింది కావాలి. ఇంకో సంగతి, ఈ చెక్కల మీద ముద్ర లేదు. పురుగు చచ్చేలా వేడి చేశారని ముద్ర ఉండాలి."

"అరవై ఏళ్ళలో ఒక్క పురుగు పట్టలేదమ్మా ఈ చెక్కకి!"

"పురుగు ఉందా లేదా అని కాదండీ, ముద్ర ఉందా లేదా అని."

అలా గంటలోపే పెట్టె ఊళ్ళోకి పోవడానికి వీల్లేకుండా పోయింది. రాయి హక్కుదారు సంతకం పెట్టే స్థితిలో లేదు. తెచ్చినవాడికేమో తీసుకునే అర్హత లేదు. రాయిని బయటికి తీసి రేవు షెడ్డు నేల మీద పడుకోబెట్టారు. "ఏమనుకోకండి. కాగితం లేకుండా నేనేం చెయ్యలేను" అంది సొయిజిక్, నిజంగానే బాధపడుతూ.

డెన్జిల్ రాయి పక్కన చతికిలబడ్డాడు. నలభై ఐదేళ్ళుగా ఎవరెవరి ఏడుపులో చూసిన మనిషి, ఆ సిమెంటు నేల మీద తన ఏడుపు తాను ఏడ్చాడు. "కాగితం అక్కర్లేదన్నాను కదే అక్కా, ఎంత మాట అన్నానే" అన్నాడు రాయితో. తర్వాత ముక్కు తుడుచుకుని ఎర్వాన్‌కు ఫోన్ చేశాడు.

"బావా, రాయి రేవులో ఆపేశారు."

"రేవులోనా? ఆపేశారా?" ఎర్వాన్ గొంతు చిత్రంగా లేచింది. "కదలకు. ఇప్పుడే వస్తున్నా!"

అరగంటలో ఉల్లిపాయల లారీ వచ్చి ఆగింది. ఎర్వాన్ దిగాడు. లారీలో సరుకు కింద వేసే, ముద్ర ఉన్న చెక్క బల్ల ఒకటి ఉంది, సంకలో నీలం అట్ట ఫైలు. అట్ట మీద 'డెన్జిల్ రాయి' అని రాసి ఉంది. రాత మొర్వెన్నాది.

"ఇదేంటి బావా?"

"మీ అక్క పోయేముందు మంచంలో కూర్చుని రాసిందోయ్. ఇంగ్లండుకి మా ఉల్లిపాయల కాగితాలన్నీ చివరిదాకా చూసింది తనే కదా. నా రాయి వాడే చెక్కుతాడు, వాణ్ణి రేవులో ఆపుతారు, అప్పుడు పట్టుకెళ్ళు అంది. ముందే ఇస్తే వాడు చదవడంది."

సొయిజిక్ ఒక్కో పేజీ తిప్పింది. అందుకునేవారు: ఎర్వాన్ కెర్మారెక్, వ్యాపార నంబరుతో సహా. విలువ: తొమ్మిది వందల పౌన్లు. పక్కన పెన్సిలుతో, 'వాడు ఒక పౌను అంటాడు, వినకండి' అని ఉంది. పెట్టె: 'మా నాన్న షెడ్డు చెక్క తెస్తాడు, ముద్ర ఉండదు, మన బల్ల పట్టుకెళ్ళు.' బరువు గడి ఒక్కటే ఖాళీ. అక్కడ కూడా, 'తూచండి, వాడు చెప్పినదానికి పది కిలోలు ఎక్కువే ఉంటుంది' అని ఉంది. తూచారు. నూట ఇరవై రెండు.

"ఇంత శుభ్రమైన కాగితాలు ఈ బల్ల మీదకి రావడం నేను చూళ్ళేదండీ" అంది సొయిజిక్.

"నా భార్యండీ. నిరుడు చనిపోయింది" అన్నాడు ఎర్వాన్. అనేశాక తనే ఆశ్చర్యపోయి బావమరిది భుజం పట్టుకున్నాడు.

మర్నాడు రాయి నిలబడింది. ఆపై రోజు దాని ముందు చేమంతులూ నిండాయి. కానీ అంతకుముందే, ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం రేవులోనే, ఫైలు అడుగున ఇంకో చీటీ దొరికింది. డెన్జిల్ దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి చదువుకున్నాడు.

'ఒరేయ్, ఏ కాగితమూ అక్కర్లేదన్నావుగా? ఇవి మొత్తం పదకొండు. అన్నిటి మీదా సంతకం పెట్టి నిదానంగా రా. నేనెక్కడికీ పోను.'

డెన్జిల్ సుంకం కట్టి, పదకొండింటి మీదా రాతిపై చెక్కినంత శ్రద్ధగా సంతకం పెట్టాడు. ఆ తర్వాత, ఇంకా ఏమైనా కాగితాలున్నాయా అని తనే అడిగాడు.