కంప్యూటర్లో పరిగెత్తిన జనం

రెండువేల ఆరులో, ఒక మంగళవారం పొద్దున్న త్రినాధరావు పెట్టుకున్న పని ఒకటే: ఫారం నింపి సాయంత్రంలోగా జెఫ్రీ గారి చేతికివ్వడం. అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్క నీళ్ల ట్యాంకు దగ్గర అతను తొమ్మిదేళ్లుగా టెంపరరీ ఆపరేటరు. ఫారం సరిగ్గా ఉంటే పర్మినెంటుకు పేరు రాస్తానని, ప్రమాదాల అంచనాకు వచ్చిన అధికారి జెఫ్రీ మాటిచ్చాడు.

ఫారం వింతగా ఉంది. మనిషి పొరపాటు వల్ల ట్యాంకు దగ్గరి క్లోరిన్ సిలిండరు లీకైతే గ్యాసు ఎటు పోతుంది? జనం ఎటు పరిగెడతారు? వీధి ఎన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుంది? ఆరు నిమిషాలని జెఫ్రీ కంప్యూటర్ చెప్పింది. ఈ వీధిలో ఎద్దుబండి తిప్పడానికే పావుగంట పడుతుంది. త్రినాధరావుకి అనుమానం పట్టుకుంది.

ట్యాంకు దగ్గర తడి చెరుకు పిప్పికి నిప్పు పెడితే తెల్లటి పొగ గాలివాటున పోతుంది, చూసి రాసేయొచ్చు అనుకున్నాడు. ముందుజాగ్రత్తగా డప్పు కొట్టే పోతురాజు చేత దండోరా వేయించాడు: పొగ వస్తుంది, గ్యాసు కాదు, భయపడొద్దు.

అంతవరకు భయపడాలని ఎవరికీ తోచలేదు. డప్పు కొట్టి మరీ భయపడొద్దంటున్నారంటే సంగతి పెద్దదేనని కొట్లవాళ్లు షట్టర్లు దించారు. అంతలో త్రినాధరావు పిప్పి అంటించాడు; పొగ లేచి నేరుగా మార్కెట్ యార్డు మీదకి పోయింది.

అప్పుడు పరిగెత్తారు జనం. బయటికి కాదు, పొగలోకి. వేలానికి పేర్చిన తమ బెల్లం దిమ్మలకు పొగ తగిలితే రంగు చెడుతుందని గోనెలు, దుప్పట్లు, చివరికి భుజాల మీది తువ్వాళ్లు కూడా కప్పసాగారు. వేలం చూద్దామని అక్కడికొచ్చిన జెఫ్రీ మధ్యలో ఇరుక్కున్నాడు.

"ఇది గ్యాసైతే చచ్చిపోతారయ్యా, బయటికి నడవండి," అన్నాడు దగ్గుతూ.

"సచ్చిపోతే నానొక్కడినే పోతాను బాబూ. బెల్లం సెడితే ఇంటిల్లిపాదీ పోతాం," అన్నాడు మునగపాక రైతు బంగారయ్య. "ఊరికే నిలబడకుండా ఆ కొస పట్టుకోండి."

జెఫ్రీ గోనె కొస పట్టుకున్నాడు.

పొగ పలచబడ్డాక త్రినాధరావు తలొంచుకుని జెఫ్రీ ఎదురుగా నిలబడ్డాడు. ఉన్న ఉద్యోగమూ పోయిందని అతనికి అర్థమైపోయింది.

"వీధి ఎన్ని నిమిషాల్లో ఖాళీ అయింది?" అడిగాడు జెఫ్రీ.

"అవలేదు సార్. ముందుకన్నా మూడొందలమంది ఎక్కువొచ్చేరు."

జెఫ్రీ తిట్టలేదు. ఎవరు ఎటునుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో ఒక్కొక్కరినీ అడిగి మధ్యాహ్నందాకా రాసుకున్నాడు.

"నా కంప్యూటర్లో జనానికి కాళ్లున్నాయి గానీ బెల్లం లేదయ్యా," అన్నాడు చివరికి. "నువ్వు చేసిన పనికి పర్మినెంటు పోస్టే అడుగుతాను."

అడిగాడు కూడా. ప్రమాదాల అంచనాకు సహాయకుడి పోస్టు నెల తిరక్కముందే మంజూరైంది. దానికి డిగ్రీ ఉండాలన్నారు కాబట్టి ఎమ్మెస్సీ చదివిన లావణ్య అందులో చేరింది. ఆమెకు పని నేర్పే బాధ్యత త్రినాధరావుకి అప్పగించారు, టెంపరరీగానే.