సెలవు అడిగే సాఫ్ట్‌వేర్

కూలిపని చేసే మనిషిని "నువ్వు ఏయే రోజుల్లో పనికి రావు నాయనా?" అని ముందుగా, మర్యాదగా అడిగిన మొదటి మహానుభావుడు ఎవరో మీకు తెలుసా? ఒక సాఫ్ట్‌వేర్!

నవ్వకండి. మావారు ఎలీషా అద్దంకి దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ కట్టిస్తున్న సైట్ ఇంజనీరు. హైదరాబాదు ఆఫీసువాళ్ళు ఆయన ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించారు. పని జరగని రోజులేవో క్యాలెండర్లో గుర్తుపెడితే, కట్టడం ఎప్పటికి పూర్తవుతుందో అదే చెబుతుందట. దీన్ని తలనొప్పి అనేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

వచ్చేటప్పుడే అది శని, ఆదివారాలు సెలవనుకుని వచ్చింది.

"శనివారం సెలవా సార్? ఎవరు పోయారు?" అని మేస్త్రీ యలమంద కంగారుపడ్డాడు.

మావారు శనివారాన్ని పనిలో కలిపారు. ఆదివారం సెలవుగానే ఉంచారు, సగంమంది చర్చికి వెళతారు, మేమూ వెళతాం. వెల్డర్ బుడేకి శుక్రవారం మధ్యాహ్నం నమాజు. ఇక అమావాస్య!

"అమావాస్య నాడు స్లాబు పోస్తే నిలబడుద్దా సార్? కావాలంటే మీ కంప్యూటర్నే వచ్చి పొయ్యమనండి," అన్నాడు యలమంద.

అమావాస్యలన్నీ ఎర్రబడ్డాయి. తర్వాత మిరప కోతలు. కోతలు మొదలైతే సిమెంటు తట్ట మోసే మనిషి దొరకడు, అందరూ చేలల్లోనే. అదీ రాశారు. వెంటనే హైదరాబాదు నుంచి ఫోను.

"మిరప కోతలు... ఇది ఏ మతం పండగండీ?"

"ఇక్కడ అన్ని మతాలదీనండీ," అన్నారు మావారు.

ఎంత గౌరవం! నిన్నటిదాకా పనికి రాని మనిషిని "ఎగ్గొట్టాడు" అనేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ ఎగ్గొట్టరు. వాళ్ళ క్యాలెండర్ వేరు, అంతే!

ఇంత దయగల వస్తువు ఇంట్లో ఉండగా నాకేం భయం? వేటపాలెంలో మా చెల్లెలు మహిమ సొంతంగా జీడిపప్పు యూనిట్ పెడుతోంది. మా ఇంట్లో ఒక ఆడపిల్ల తన పేరుతో బోర్డు కట్టించడం ఇదే మొదలు. ప్రారంభం అమావాస్య నాడు. టెంటువాళ్ళు ఆరోజే ఖాళీగా దొరికారు. వెళతానన్నాను.

"వద్దన్నదెవరు శాంతీ? కాకపోతే ఆరోజు సెలవు కదా, నేనింట్లోనే ఉంటాను. ఆఫీసువాళ్ళను భోజనానికి కూడా పిలిచాను."

పనిరోజైతే క్యారియర్లు సర్దాలి. సెలవురోజైతే విస్తళ్ళు వెయ్యాలి. మూడోరకం రోజు మీ ఊళ్ళో ఏదైనా క్యాలెండర్లో ఉంటే చెప్పండి, అప్పుడే వెళ్ళొస్తాను!

"అయితే నన్నూ అందులో చేర్చండి," అన్నాను.

మావారు న్యాయంగల మనిషి. చేర్చారు. ఈవిడకు ఏ క్యాలెండర్ అని అది అడిగింది. ఆయన పెద్దగా ఆలోచించకుండానే "ఇరవై నాలుగు గంటలు" అన్నచోట నొక్కారు.

"అందులో ఇంకెవరున్నారండీ?"

"జనరేటరు, నీళ్ళ మోటారు."

నేనేమీ నొచ్చుకోలేదు. డిగ్రీ చదివినదాన్ని గనుక స్క్రీను చివరిదాకా చదివాను. అమావాస్య గడిలో జనరేటరుకు ఎదురుగా "సర్వీసింగ్" అని ఉంది. మనుషులు రాని రోజే యంత్రాన్ని ఆపడానికి వీలట. సబబే కదా!

అమావాస్య పొద్దున్నే వేటపాలెం బస్సెక్కాను. మహిమ రిబ్బను కత్తిరిస్తుండగా ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్ శాంతీ? ఆఫీసువాళ్ళు వచ్చి కూర్చున్నారు! పొయ్యి మీద ఏమీ లేదేంటి?"

"సర్వీసింగ్‌లో ఉన్నానండీ. ఎప్పటికి పూర్తవుతుందో మీ సాఫ్ట్‌వేర్‌నే అడగండి," అన్నాను.