డాక్టరమ్మ లైన్లో ఉన్నారు

ఆ రోజు పొద్దున అల్లుడికి కావలసింది ఒక్కటే. ఒక గంట నిశ్శబ్దం.

పదకొండింటికి ఇంటర్వ్యూ. ఉన్న ఉద్యోగం వేసవిలో ఊడింది. అప్పటి నుంచి భార్య పొద్దున్నే ఆఫీసుకు వెళ్తుంది, అతను గిన్నెలు కడుగుతాడు. ఇంట్లో ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అదే అతనికి ఎక్కువ కష్టంగా ఉంది. నాలుగు మాటలు పడితే కాస్త గుండె బరువు తగ్గేది. ఇన్నాళ్లకు ఒక కంపెనీ పిలిచింది. పాడ్‌కాస్టులు వినిపించే యాప్ వాళ్లది. కొత్తగా ఫోను పట్టినవాళ్లకు ఆ యాప్ ఎలా వాడాలో తేలిక మాటల్లో చెప్పే ఉద్యోగం. ఇది కూడా పోతే ఇంకెక్కడా తలుపు తట్టే ఓపిక తనకు లేదని అతనికి తెలుసు. ఇంటర్వ్యూ ఇంట్లోనే, పడకగదిలో కంప్యూటర్ ముందు. అందుకే గంట నిశ్శబ్దం.

కాని హాల్లో అత్తగారున్నారు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. గరగరలాడే లైన్ల మీద దూరాభారపు ఊళ్లకు గొంతు చేరవేసిన మనిషి. ఆవిడ గుసగుసలాడితే పై వాటాలోవాళ్లు తలుపు తీసి 'పిలిచారా' అని అడుగుతారు. మంచావిడ. అల్లుడంటే ప్రాణం. ఆ ప్రేమ కొద్దీ పది నిమిషాలకోసారి తలుపు తోసి 'మంచినీళ్లు కావాలా అల్లుడు గారూ' అని కేక వేస్తుంటారు.

"మరి అమ్మనేం చేస్తారు?" చెప్పులు వేసుకుంటూ అడిగింది భార్య.

"ప్లాను సిద్ధంగా ఉంది," అన్నాడు అల్లుడు.

"అదే నా భయం," అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

ప్లాను ఏమిటంటే, అత్తగారికి పాడ్‌కాస్టులు వినడం నేర్పించి సోఫాలో కూర్చోబెట్టడం. వినేవాళ్లు మాట్లాడరు కదా అని అతని లెక్క. అత్తగారి ఫోనులో ఒకటి, ఒకవేళ దాని చార్జింగ్ అయిపోతే ఉంటుందని ఇంట్లో పడి ఉన్న పాత ట్యాబ్లెట్‌లో ఒకటి, రెండింటిలోనూ యాప్ పెట్టాడు. ఇయర్‌ఫోన్లు కూడా తెచ్చాడు గాని ఆవిడ ఒప్పుకోలేదు.

"సర్వీసంతా చెవులకి హెడ్‌సెట్ మోశాను. ఇక ఏదీ తగిలించను. బయటికే వినిపించమనండి."

"సరే అత్తయ్యా. ఇదిగో, దీన్ని పాడ్‌కాస్టు అంటారు. రేడియో లాంటిదే, కాని రేడియో కాదు."

"మరేమిటి?"

"రేడియో అయితే వాళ్లు చెప్పిన టైముకి మనం కూర్చోవాలి. ఇందులో మనకెప్పుడు తీరికైతే అప్పుడు వాళ్లు మాట్లాడతారు."

అత్తగారు ఆశ్చర్యపోయారు. "నాకు తీరికైనప్పుడా? వాళ్లకి వేరే పనుండదా పాపం?"

"వాళ్ల పనే అది అత్తయ్యా."

"అంటే డ్యూటీలో ఉంటారన్నమాట."

అల్లుడు గడియారం చూసుకున్నాడు. "అలాగే అనుకోండి," అన్నాడు.

నేర్పేవాడి నోట ఈ మాట వచ్చిందంటే నేర్చుకునేవాళ్ల కొంప మునిగినట్టే. కాని అతనికి టై కట్టుకోవాల్సి ఉంది.

"ఇక్కడ సబ్‌స్క్రైబ్ అని ఉంది చూశారా? ఇది నొక్కితే ఇక మీరు వెతుక్కోనక్కర్లేదు. కొత్తది ఉన్నప్పుడు వాళ్లే మీ దగ్గరికొస్తారు. ఫోను టింగుమంటుంది. ఆ బొమ్మ మీద నొక్కారంటే మాటలు మొదలు."

"డబ్బులో?"

"ఒక్క పైసా అక్కర్లేదు."

"ఎంత దూరం నుంచైనా?"

అత్తగారు హాస్యమాడుతున్నారనుకుని అల్లుడు నవ్వాడు. ఫోనులో ఒక డాక్టరమ్మ ఆరోగ్య సలహాలకు, ట్యాబ్లెట్‌లో ఒక తోటాయన మొక్కల కబుర్లకు సబ్‌స్క్రైబ్ నొక్కి చూపించి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. చప్పుడు లోపలికి రాకూడదని కిటికీలు మూశాడు. గరగర వినపడుతోందని ఫ్యాను కూడా ఆపాడు. పైన తెల్ల చొక్కా, ఎర్ర టై. కింద చారల పైజమా. కెమెరాకు నడుము దాకానే కనిపిస్తుంది గనుక అక్కడితో చాలనుకున్నాడు.

హాల్లో అత్తగారు బొమ్మ మీద నొక్కారు. "నమస్కారం, ఎలా ఉన్నారు?" అంది డాక్టరమ్మ.

"బాగానే ఉన్నానమ్మా, కాస్త మోకాళ్ల నొప్పులు," అన్నారు అత్తగారు.

"ఈ రోజు మనం మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుందాం," అంది డాక్టరమ్మ.

ఇంకేం కావాలి? అత్తగారు కరిగిపోయారు. రిటైరైన నాటి నుంచి ఆవిడ ఫోను కరెంటు బిల్లుకు తప్ప మోగింది లేదు. అలాంటిది ఒక డాక్టరు పలకరించి మరీ మాట్లాడుతోంది. తనకు తెలిసిన మర్యాద ప్రకారం మాటమాటకూ ఊఁ కొట్టారు, అనుమానాలు అడిగారు. డాక్టరమ్మ కొన్నిటికి జవాబిచ్చింది, కొన్నిటికి ఇవ్వలేదు. డాక్టర్లంతా అంతే గనుక అత్తగారికి అందులో వింతేమీ కనపడలేదు. ఇద్దరినే పిలిచి మిగతావాళ్లను ఊరికే కూర్చోబెట్టడం అన్యాయమనిపించి, తెర మీద కనపడిన ప్రతి బొమ్మకూ సబ్‌స్క్రైబ్ నొక్కేశారు. ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. ఇక ఆగలేదు.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం, అందరూ లైన్లో ఉండండి!" అన్నారు అత్తగారు.

ఆవిడ సర్వీసులో రెండు నియమాలుండేవి. అవతలివాళ్లు మాట్లాడుతుండగా లైను కట్ చెయ్యకూడదు. ఎవరినీ ఊరికే కాచుకునేలా చెయ్యకూడదు. ట్యాబ్లెట్‌లో ఆవిడ నొక్కి ఉంచిన తోటాయన ఎంతసేపటి నుంచో బాధ చెప్పుకుంటున్నాడు. "ఆకులు పాలిపోయాయి. తల వాల్చేసింది. ఎంత చేసినా నిలబడటం లేదు."

ఎవరికో బాగా జబ్బు చేసింది. ఇటు ఫోనులో డాక్టరమ్మ ఖాళీగానే ఉంది. ఆపరేటరన్నాక ఇలాంటప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే.

"డాక్టరు గారూ, మీకొక కాల్ ఉంది. కలుపుతున్నాను, మాట్లాడండి," అంటూ అత్తగారు ఫోనునూ ట్యాబ్లెట్‌నూ ఎదురెదురుగా తలలు ఆనించి టీపాయ్ మీద పెట్టారు.

"నీళ్లు పోసినా పైకి లేవడం లేదు," అన్నాడు తోటాయన.

"ఉప్పు తగ్గించండి," అంది డాక్టరమ్మ. "రోజూ పొద్దున్నే అరగంట నడిపించండి."

"కొంతమంది మొదలంటా నరికేయమంటారు."

"ఏ నిర్ణయమైనా ఇంట్లో పెద్దలతో మాట్లాడి తీసుకోండి."

అత్తగారు తృప్తిగా తలూపారు. ఎన్నాళ్లకో ఒక మంచి కాల్ కలిపారు. డాక్టరమ్మ గొంతు కాస్త సన్నగా ఉందనిపించి ఫోనును ముందుకు జరిపారు. బొటనవేలు తెర మీద పడింది.

"నొప్పి ఎడమ భుజంలో మొదలవుతుంది," అంటోంది మోకాళ్ల నుంచి గుండెపోటు సంగతికి వచ్చిన డాక్టరమ్మ. "ఒళ్లంతా చెమటలు. ఆ తర్వాత మాట..."

అంతే. చప్పుడు లేదు.

"హలో! డాక్టరు గారూ! హలో!"

"ఇక లాభం లేదు, పీకి పారేయండి," అన్నాడు తోటాయన.

"మీరు కాసేపు నోరు మూసుకోండి!" అని అరిచి, అత్తగారు హాల్లోని ల్యాండ్‌లైన్ దగ్గరికి పరుగెత్తారు. అంబులెన్సు వాళ్లు ఎవరికి, ఎక్కడ అని అడిగారు. "మాట్లాడుతూ మాట్లాడుతూ మాట పడిపోయిందమ్మా, ఎడమ భుజం, చెమటలు!" అన్నారు ఆవిడ. డాక్టరమ్మ చిరునామా తెలియదు గనుక ఈ ఇంటిదే చెప్పారు. తర్వాత డాక్టరమ్మ ఉన్న ఫోను ఎత్తి పట్టుకుని, "భయపడకండి, నేను లైన్లోనే ఉన్నాను," అని ధైర్యం చెబుతూ కూర్చున్నారు.

లోపల ఇంటర్వ్యూ జోరుగా సాగుతోంది. అవతల ఇద్దరు. ఒకరు డైరెక్టరమ్మ. పక్కన కళ్లద్దాలాయన.

"ఇప్పుడు అసలు ప్రశ్న," అంది డైరెక్టరమ్మ. "ఏమీ తెలియని మనిషికి పాడ్‌కాస్టంటే ఏమిటో, సబ్‌స్క్రైబ్ ఎలా చెయ్యాలో మీరెలా చెబుతారు?"

అల్లుడి మొహం వెలిగింది. "చెబుతానండీ అనడం కాదు మేడమ్, చెప్పాను. ఈ రోజు పొద్దునే మా అత్తగారికి నేర్పించాను. పది నిమిషాల్లో పట్టేశారు. ఇప్పుడు హాల్లో హాయిగా వింటున్నారు."

"ఏదో పెద్దగా అంటున్నట్టున్నారే?"

"లీనమైపోయారు మేడమ్," అన్నాడు అల్లుడు, చెమట తుడుచుకుంటూ.

అప్పుడే గది తలుపు భళ్లున తెరుచుకుంది. ముందు ఒక నర్సు, వెనక స్ట్రెచర్‌తో లావుపాటి డ్రైవరు. హాల్లో ఫోనుకు ధైర్యం చెబుతున్న పెద్దావిడ తప్ప రోగి ఎవరూ కనపడలేదు. గదిలోంచి మగగొంతు వినిపించి ఇటొచ్చారు. చూస్తే మూసిన కిటికీలు, ఒళ్లంతా చెమట, మెడ బిగించిన టై. అల్లుడు నోరు తెరిచాడు, మాట రాలేదు. ఇంటర్వ్యూ మధ్యలో స్ట్రెచర్ వస్తే ఎవరికి మాత్రం వస్తుంది? వెళ్లండి వెళ్లండని ఎడమ చేత్తో సైగ చేశాడు.

"ఎడమ చెయ్యి కొట్టుకుంటోంది. మాట పోయింది. పట్టుకో!" అంది నర్సు.

"నాకేం కాలేదు!"

"అందరూ అలాగే అంటారు సార్," అంటూ డ్రైవరు అతన్ని పైజమాతో సహా ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టాడు.

"అయ్యో, ఏమైంది?" అంది తెర మీద డైరెక్టరమ్మ.

"మీరు వీళ్ల తాలూకానా?" అంది నర్సు.

"కాదు, ఇంటర్వ్యూ చేస్తున్నాం."

"ఈ స్థితిలోనా!" నర్సుకు ఒళ్లు మండింది. "మీకసలు మనసుందా?"

ఇంతలో అత్తగారు ఫోనుతో వచ్చి గుండెలు బాదుకున్నారు. "ఈయన కాదమ్మా! ఈయన మా అల్లుడు, శుభ్రంగా ఉన్నారు! మాట పడిపోయిందీవిడకి!" అని ఫోను చూపించారు.

నర్సు ఫోను చూసింది. డ్రైవరును చూసింది. తర్వాత చాలా మెల్లగా అత్తగారి చెయ్యి పట్టుకుని నాడి చూడబోయింది. "పెద్దమ్మా, ఈ రోజు ఏ వారం?"

"గురువారం. మీరిలాగే నిలబడితే ఆ డాక్టరమ్మకి శుక్రవారం రాదు, కదలండి!"

అల్లుడికి అప్పుడు వెలిగింది. స్ట్రెచర్ మీంచే చెయ్యి చాచి తెర మీద నొక్కాడు.

"...తడబడుతుంది," అంది డాక్టరమ్మ. "కాని సమయానికి గుర్తిస్తే భయం లేదు."

"అమ్మయ్య, బతికారు!" అంటూ అత్తగారు మంచం అంచున కూలబడ్డారు.

"అత్తయ్యా," అన్నాడు అల్లుడు. "ఆవిడకేం కాలేదు. ఆవిడ ఇప్పుడు మాట్లాడటం లేదు. ఎప్పుడో మాట్లాడేశారు. ఆ మాటలు రికార్డు చేసి దాచిపెట్టారు. మీరు కావాల్సినప్పుడు తీసి వింటున్నారు. వేలు తగిలితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే ఆగిన చోటి నుంచే వస్తుంది. సబ్‌స్క్రైబ్ అంటే, కొత్త మాటలు వచ్చినప్పుడల్లా నాకు కబురు పెట్టండి అని చెప్పి ఉంచడం. అంతే. అవతల ఎవరూ కాచుకుని ఉండరు."

అత్తగారు ఫోనును ఒళ్లో పెట్టుకున్నారు. "మరి నేనిచ్చిన జవాబులు?"

"ఎవరికీ వినపడలేదు అత్తయ్యా."

"పొద్దుటి నుంచి ఇంతమంది నాకు ఫోను చేశారనుకున్నాను," అన్నారు ఆవిడ. ఆ గొంతు జీవితంలో మొదటిసారి చిన్నగా వినిపించింది.

అల్లుడికి సిగ్గేసింది. ఉద్యోగం సంగతి కూడా ఆ క్షణంలో గుర్తు లేదు. "తప్పు నాదే అత్తయ్యా. నేను మీకు నేర్పలేదు. ఒక గంట మిమ్మల్ని కదలకుండా కూర్చోబెడదామని చూశాను. రాని కాల్ వచ్చిందనుకునేలా చేశాను."

"ఈ ముక్క ముందే చెప్పుంటే మధ్యలో లేచి మంచినీళ్లయినా తాగేదాన్ని కదా," అన్నారు అత్తగారు. అని, స్ట్రెచర్ మీద జారిపోతున్న అతని టై సరిచేశారు.

"సార్," అంది కంప్యూటర్. డైరెక్టరమ్మ ఇంకా అక్కడే ఉంది. అల్లుడు కళ్లు మూసుకున్నాడు. పోయింది, ఇదీ పోయింది అనుకున్నాడు.

"మా యాప్ గురించి రోజూ ఫిర్యాదులొస్తాయి," అంది ఆవిడ. "హలో అంటే పలకడం లేదని, అడిగినదానికి జవాబివ్వరని. ఎవరో ఆకతాయిల పని అనుకుని చెరిపేస్తున్నాం."

"నేనే చెరుపుతున్నాను," అన్నారు కళ్లద్దాలాయన దిగులుగా.

"వచ్చినవాళ్లంతా ఇది చాలా తేలిక, ఎవరికైనా అర్థమవుతుందన్నారు. ఎలా అర్థం కాదో చూపించింది మీరొక్కరే. ఇప్పుడు మీ అత్తగారికి చెప్పారు చూడండి, మాకు కావాల్సింది అదే. ఉద్యోగం మీది. షరతొక్కటే. మీరు రాసే ప్రతి పాఠం ముందు ఆవిడకి చెప్పాలి. ఆవిడకి అర్థమైందన్నాకే బయటికొదులుతాం."

"అర్థం కాకపోతే?" అన్నారు అత్తగారు.

"మళ్లీ రాస్తారు."

"అలాగే. కాని నేను మొహమాటపడను," అన్నారు అత్తగారు.

"ఇంతకీ మేం ఎవర్ని తీసుకెళ్లాలి?" అన్నాడు డ్రైవరు.

సాయంత్రం భార్య వచ్చేసరికి అల్లుడు మొదటి పాఠం నాలుగోసారి రాస్తున్నాడు. ఎదురుగా సోఫాలో అత్తగారు కాళ్లు చాపుకుని, కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు. అత్తగారు సరేనంటే గాని అడుగు తీసి అడుగు వెయ్యని అల్లుళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. అందుకు నెలనెలా జీతం పుచ్చుకుంటున్నది మాత్రం ఇతనొక్కడే.