తాండూరు పొగ తడాఖా

"పొగ శిశువులకు పుష్టి!" అని మా తాండూరు శిశు సంక్షేమ సంఘం పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘాధ్యక్షులు మొగులప్ప సేఠ్ గారు. ఊరి నడుమనున్న సున్నపు బట్టీ కూడా వారిదే! అది కేవలం కాకతాళీయం.

ఈ మహత్తర పరిశోధనకు కారణం మా పక్కింటి అమీనాబీ. మా ఇళ్లు బట్టీ గోడకు ఆనుకునే ఉంటాయి. ఆమె కొడుకు యూసుఫ్ చంటివాడు. ఊపిరి తీస్తే పిల్లికూతలు. రెండు గుక్కల పాలు తాగి, ఎగపోస్తూ వదిలేసేవాడు. వాణ్ణి ఎత్తుకుని, నన్ను తోడు తీసుకుని ఆమె సంఘానికి పోయింది.

"సేఠ్‌సాబ్, బట్టీ జర ఊరవతలికి జరుపుండ్రి. పోరనికి దమ్ము ఆడుత లేదు."

"అరే, పసిపిల్లలకు నీళ్లు పోసినంక పొగ వెయ్యరా? మా ఇంట్ల సాంబ్రాణి, మీ ఇంట్ల ఊదు! నేను గదే పొగ ఊరందరికి ఫుకట్‌ల ఇస్తున్న!"

"మా ఊదు జరసేపే. మీ బట్టీ దినమంత!"

"అంటే నేనే ఎక్కువ ఇస్తున్న గదా!"

సభ్యులు చప్పట్లు కొట్టారు. సగం మంది దగ్గుతూ కొట్టారు.

ఈ సిద్ధాంతాన్ని లోకానికి చాటడానికి శిశు ప్రదర్శన పెట్టారు. మొదటి బహుమతి ఎవరికి? ఇంకెవరికి, అధ్యక్షుల మనవడికే! నిజం చెప్పాలి, పిల్లవాడు వెన్నముద్దలా ఉన్నాడు.

"చూడుండ్రి, తాండూరు పొగ తడాఖా!" అన్నారు సేఠ్ గారు. ఆ ఊపులో వేదిక మీదికి నిప్పుల గిన్నె తెప్పించి, గుప్పెడు సాంబ్రాణి చల్లి, మనవణ్ణి ఆ పొగకు పట్టారు.

పిల్లవాడు దగ్గాడు. కోడలు ఇంద్రమ్మ ఒక్క ఉదుటున వేదికెక్కి వాణ్ణి లాక్కుంది.

"మామా! పోరనికి పొగ తగలొద్దని డాక్టర్ చెప్తేనే గదా, పుట్టినసంది మమ్ముల వికారాబాద్‌ల మా అవ్వగారింట్ల ఉంచిండ్రు! పొద్దుగాల రైలు దిగినమో లేదో, మీరే పొగ పడ్తరా?"

సభలో అమీనాబీ ఒళ్లోని యూసుఫ్ పిల్లికూతలు ఒక్కటే వినిపించాయి. అధ్యక్షుల కళ్లలో నీళ్లు. సాంబ్రాణి వల్ల కావచ్చు.

"పొగ పసిపిల్లలకు విషం! ఇయ్యాల్టి నుంచే బంద్!" అని గర్జించారు.

"అల్లా మీకు మేలు జెయ్యాలె, సేఠ్‌సాబ్!" అంది అమీనాబీ.

తీర్మానం అక్కడికక్కడే చదివారు: తాండూరు ఇళ్లలో సాంబ్రాణి, ఊదు నేటి నుంచి నిషేధం!

మనవడు తర్వాతి రైలుకే వికారాబాదు వెళ్లిపోయాడు. అమీనాబీ యూసుఫ్‌ను కొంగులో చుట్టుకుని బట్టీ పక్కనున్న ఇంటికి నడిచింది. ఇక వాడికేం భయం! ఇంట్లో ఊదు లేదు గదా!