గొంతుతో సహా అమ్మకం

ఆ ఉదయం హైమవతి వేసుకున్న పథకం చిన్నదే. పాలు పొయ్యి మీద పెట్టడం, అవి కాగేలోపు బాల్కనీలో బట్టలు ఆరేయడం, ఆ తర్వాత కాఫీ. దేశ రాజధాని శివార్లలోని వైశాలిలో ఏడో అంతస్తులో ఉండే మనిషికి ఆ పూట అంతకంటే పెద్ద కోరికలేమీ లేవు. రెండో దుప్పటి ఆరేస్తుండగా గాలికి తలుపు ధడేలున మూసుకుని, లోపలి గొళ్ళెం పడిపోయింది. ఫోను వంటింట్లో, పాలు పొయ్యి మీద, వీధి తలుపు తాళంచెవి భర్త రఘునందన్ జేబులో.

పక్క బాల్కనీలోంచి భాటియా ఆంటీ చెయ్యి చాపి తన ఫోను అందించింది. "ఫోన్ కర్ లో బేటా, జల్దీ!"

ఫోన్ చేయడం తేలికే. నమ్మించడమే కష్టం. దానికో కథ ఉంది. మునిర్కా, జియా సరాయ్ గదుల్లో చదువుకునే తెలుగు పిల్లల కోసం ఆలుమగలిద్దరూ "తిన్నావా" అని ఒక యాప్ తయారుచేశారు. రోజూ రెండు పూటలా ఫోన్ చేసి, హైమవతి గొంతుతో "తిన్నావా నాన్నా?" అని అడుగుతుంది, అంతే. నిరుడు ఆ చిన్న కంపెనీని నోయిడాలో ఓ పెద్ద కంపెనీ కొనేసింది, గొంతుతో సహా. రఘునందన్‌కు సలహాదారు ఉద్యోగం కూడా ఇచ్చింది. సలహా మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ గొంతు రోజుకో నంబరు నుంచి ఊరందరికీ పరుపులు, కుక్కర్లు అమ్ముతోంది. పిల్లల్ని అడగాల్సిన మాట అలా బజారున పడిందని హైమవతికి లోలోపల బాధే.

"ఏమండీ, త్వరగా రండి!" అంది హైమవతి ఫోన్లో.

"వద్దమ్మా, మొన్ననే కొన్నాం," అని రఘునందన్ పెట్టేశాడు.

మళ్ళీ చేసింది. "నేనండీ, హైమని! పాలు పొంగిపోతున్నాయి!"

"పాల కుక్కర్ కూడా ఉంది తల్లీ!" ఈసారి నంబరే బ్లాక్ చేశాడు.

మునిర్కాలో ఉండే కూతురు ఇషితకు చేసింది. "అరే, ఫిర్ సే మమ్మీ వాలా యాడ్!" అని అది, మళ్ళీ అమ్మ గొంతు ప్రకటనే అనుకుని, నవ్వుతూ పెట్టేసింది.

వంటింట్లోంచి మాడు వాసన మొదలైంది. ఇక మిగిలింది తమ పాత కంపెనీ నంబరు. ఒకప్పుడు ఆ ఫోను తనే ఎత్తేది కాబట్టి కంఠతా వచ్చు.

"తిన్నావా నాన్నా?" అని పలికింది అవతల తన గొంతే.

"తినలేదు. రఘునందన్ గారికివ్వు."

"అయ్యో, తినకపోతే ఎలా నాన్నా? ఈ రోజు కుక్కర్ల మీద..."

"నోర్ముయ్!"

"కాస్త ప్రేమగా మాట్లాడు నాన్నా. నీ గొంతు నాకు అర్థం కావడం లేదు."

సొంత గొంతు చేతే బుద్ధి చెప్పించుకున్నాక హైమవతికి ఒళ్ళు మండిపోయింది. తిట్లు అందుకుంది. కోపమొచ్చిన కస్టమర్‌ని మనిషికి అప్పగించడం ఆ యంత్రానికి నేర్పిన పద్ధతి. ఆ కంపెనీలో తెలుగొచ్చిన మనిషి ఒక్కడే.

"...ఆ గొళ్ళెం బాగుచేయించమని ముప్పైసార్లు చెప్పాను! తడి తువ్వాలు మంచం మీద పడేసి పోయే మనిషిని కట్టుకున్నందుకు నాకీ శాస్తి కావాల్సిందే!"

"హైమా!" రఘునందన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నువ్వే! నిజంగా నువ్వే! వస్తున్నా!"

పావుగంటలో వచ్చి పొయ్యి కట్టేసి గొళ్ళెం తీశాడు. గిన్నె బొగ్గయింది, ఇల్లు మిగిలింది.

"అంత బతిమాలితే పోల్చుకోలేదు, తిట్టగానే ఎలా పోల్చారు?" అంది హైమవతి.

"మనం అమ్మినవన్నీ ముద్దుమాటలే కదే. తిట్లు ఒక్కటీ ఇవ్వలేదు."

ఆవిడకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

సాయంత్రానికి కంపెనీ నుంచి రఘునందన్‌కు మెయిల్ వచ్చింది. ఉదయం కాల్ రికార్డింగు అందరికీ తెగ నచ్చిందట, ఆ తిట్లు కూడా కొనేద్దామనుకుంటున్నారట, సలహాదారుగా మీరేమంటారు అని అడిగారు. తొలిసారి అడిగిన సలహాకు ఆయన ఒక్క ముక్కలో జవాబిచ్చాడు: "అమ్మం."

మర్నాడు పొద్దున మంచం మీద తడి తువ్వాలు మళ్ళీ కనబడింది, ఈసారి కాస్త శ్రద్ధగా పరిచి.