బోడిగుట్టకు పొగ

బళ్ళారి జిల్లాలో ఇక దోమకు తలదాచుకునే చోటు లేదని దోమల నివారణ ప్రత్యేకాధికారి సిద్ధేశ్ గారు కంటోన్మెంట్‌లోని ఏసీ హాల్లో ప్రకటించారు. తెర మీద జిల్లా మ్యాప్ వెలిగింది. జ్వరం ఉన్నచోట ఎర్రచుక్క పడుతుంది, లేనిచోటు పచ్చగా ఉంటుంది. చుక్క పడ్డచోటే పొగ వదులుతారు.

"ఇది అంచనా కాదు, డేటా!" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో పొగ మిషన్ మోసే కనకప్ప అందరికంటే గట్టిగా కొట్టాడు. చోరనూరులో అతని మనవరాలు కావేరి మూడు రోజులుగా జ్వరంతో పడి ఉంది. మొదటి పొగ తన వీధికే వస్తుందని అతని ఆశ.

మొదటి పొగ చోరనూరుకే దక్కింది. ఊళ్ళోకి కాదు, ఊరవతలి బోడిగుట్టకు. మ్యాప్‌లో ఇరవైమూడు చుక్కలూ ఆ బండల మీదే కుప్పపడి ఉన్నాయి.

కనకప్పకు సంగతి వెంటనే తెలిసిపోయింది. ఆశా కార్యకర్త ఎల్లక్క ఇంటింటికీ తిరిగి జ్వరాలు కాగితం మీద రాసుకుంటుంది. ఊళ్ళో సిగ్నల్ దొరకదు గనక సాయంత్రం గుట్టెక్కి అన్నీ ఫోన్లో ఎక్కిస్తుంది. ఫోన్ ఎక్కడుంటే చుక్క అక్కడ. ఇంతమాత్రం తెలియడానికి ఏసీ అక్కర్లేదు.

"సార్, గుట్ట మీద మనుషులే లేరు. జరాలన్నీ కింద మా వీధిలో ఉండాయి" అన్నాడు సిద్ధేశ్ గారితో.

"ఎంతవరకు చదివినావప్పా?"

"నాలుగో క్లాసు సార్."

"శాటిలైట్ ఎంత ఎత్తు నుంచి చూస్తాదో తెలుసా? దానికి కనపడంది నీకు కనపడతాదా?"

"నా మనవరాలు కనపడతాంది సార్. ఒళ్ళు కాలిపోతాంది. ఒక్క వీధికి కొట్టుకోనీండి."

"సుమ్నె నోర్మూసుకోని ఉండప్పా! చుక్క దాటి మిషన్ ఆన్ చేస్తే నా ఫోనుకు మెసేజ్ వస్తాది. నీ పని పోతాది."

పని పోతే పిల్లకు మందు కూడా రాదు. కనకప్ప పళ్ళు కొరుక్కుంటూ మూడు సాయంత్రాలు బండలకు పొగ పట్టాడు. కింద మురుగ్గుంతల్లో దోమలు పిల్లాపాపలతో సుఖంగా వర్ధిల్లాయి. ఎల్లక్క గుట్టెక్కినప్పుడల్లా చుక్కలు పెరిగాయి, చుక్కలు పెరిగినకొద్దీ సిద్ధేశ్ గారు పొగ పెంచారు. నేల విడిచి సాము చేయడంలో ఆ మహానుభావుడికి సాటి లేరు.

నాలుగో రోజు కనకప్ప కోడలు మారెక్కకు ఓర్పు నశించింది.

"పొగ మనింటికి రాదంటే మనమే పొగ కాడికి పోదాం మామా. ఇంకా ఏంది చూస్తాండావు?"

కావేరిని భుజాన వేసుకుని గుట్టెక్కింది. ఆమె వెనకే వీధంతా చాపలు, దుప్పట్లు, జ్వరాలు మోసుకుంటూ కదిలింది. మిషన్ మోస్తున్న కనకప్పకు ఏడుపొచ్చింది.

మరునాడు సిద్ధేశ్ గారు ఫొటోగ్రాఫర్‌తో జీపులో వచ్చారు. బండల మీద వరసగా పడుకున్న రోగులను చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఫొటోకు నిలబడి కనకప్ప భుజం తట్టారు.

"మనుషులే లేరంటివే? లెక్కపెట్టుకో! మ్యాప్ ఎప్పుడన్నా అబద్ధం చెప్తాదా?"

కావేరి కళ్ళు తెరవడం లేదు. కనకప్ప చేతులు జోడించాడు. "పిల్లను బళ్ళారి ఆసుపత్రికి తీసకపోవాల సార్. మీ జీపు ఇప్పించండి."

సిద్ధేశ్ గారు ఫోన్లో మ్యాప్ చూసుకుని ఉలిక్కిపడ్డారు.

"ఏందప్పా నువ్వు! బళ్ళారి ఈ పొద్దే పచ్చగా అయింది. ఆడికి తీసకపోయి చుక్క పెడతావా?"