గంగా నిలయంలో పట్టేసిన భుజం

ఆ ఆదివారం పొద్దున రాజేందర్‌కు కుడి భుజం పట్టేసింది. పట్టెయ్యాలని అతను శనివారం సాయంత్రమే నిశ్చయించుకున్నాడు.

మధ్యాహ్నం టీవీలో వరల్డ్ కప్ మ్యాచ్ ఉంది. సరిగ్గా అదే వేళకు మియాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంటుకు నీళ్ల ట్యాంకర్ వస్తుంది. గొడవంతా అక్కడే మొదలైంది.

ఆ అపార్ట్‌మెంటు పేరు గంగా నిలయం. నీళ్ల సంగతి బిల్డర్ పేరుతోనే సరిపెట్టాడు. బోరు ఎండింది, మోటరు కాలింది. ట్యాంకర్ వాడు కింద సంపులో పోసి పోతే, బకెట్లు పట్టుకుని మూడో అంతస్తు దాకా ఎక్కడం జనం పని. లిఫ్టు కోసం వదిలిన గుంతలో వాచ్‌మన్ మల్లయ్య సైకిలు పెట్టుకుంటున్నాడు.

రాజేందర్ ఉద్యోగం మాదాపూర్‌లో, కొత్తగా లేచిన అద్దాల బిల్డింగులో. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో తేదీలన్నీ సరిచెయ్యాలి. దానికి రెండు చూపుడువేళ్లు కదిలితే చాలు. మిగతా ఒళ్లు కుర్చీ చూసుకుంటుంది.

అతని భార్య నవనీత సొంత మేనత్త కూతురే. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లయిన నాటి నుంచి ఆ చదువును పప్పు డబ్బాల వెనక దాచుకుంది. ఇన్నాళ్లకు కూకట్‌పల్లిలో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు సోమవారం డెమో క్లాసుకు పిలిచారు. కండ ఎట్లా ముడుచుకుంటుందో చెప్పాలి. వాళ్లకు నచ్చితే వెంటనే లెక్చరర్. నచ్చకపోతే మళ్లీ పప్పు డబ్బాలే.

"నీళ్ల పని నువ్వు చూస్కో బావా. ఆదివారం ఒక్కపూట నన్ను ఇడిసిపెట్టు, క్లాసు ప్రాక్టీస్ చేస్కుంట" అని ఆమె ముందే అడిగింది. రాజేందర్ తల ఊపాడు. ఆ తల మ్యాచ్ సంగతి తెలియక ముందు ఊపిన తల.

నవనీతను ఇబ్బంది పెట్టాలని అతనికి లేదు పాపం. మల్లయ్యకు ఒక చాయ్ తాపితే నాలుగు బకెట్లు తెచ్చి పడేస్తాడని లెక్క వేశాడు. మల్లయ్య ఆ పూట మొత్తం బిల్డింగుకు మొయ్యాలన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

"ఏమైంది బావా, గట్ల మూలుగుతున్నవ్?"

"పట్టేసిందే నవనీ. చెయ్యి లేస్తలేదు."

"ఏ చెయ్యి?"

రాజేందర్ ఒక్క క్షణం ఆలోచించాడు. "కుడిది."

"నొప్పిని గూడ యాద్ చేసుకోవాల్నా?"

చిన్నప్పుడు లెక్కల పరీక్ష ఉన్నప్పుడల్లా ఈ బావకు కడుపునొప్పి వచ్చేది. సాయంత్రానికి అదే కడుపులోకి గారెలు పోవడం నవనీత కళ్లారా చూసింది. అయినా దగ్గరికొచ్చి డాక్టరమ్మ లాగా చెయ్యి పట్టుకుంది.

"ఏదీ, మడువు."

"అబ్బా!"

"ఎక్కడ?"

"ఇగో, భుజం కింద ఈ ముందటి కండ."

"ఇప్పుడు నా అరచెయ్యిని కిందికి నూకు. గట్టిగ నూకు."

"అమ్మో! సచ్చిన్నే!"

"ఇప్పుడెక్కడ?"

"గదే, ముందటి కండనే. తెగిపోతుందనుకో."

"అట్లనా" అంది నవనీత. అంతే అంది. ఆ మాటకు రాజేందర్ భయపడాల్సింది. తెలివితక్కువగా సంతోషపడ్డాడు.

ఆమె పాత చున్నీ తెచ్చి అతని చేతిని మెడకు వేలాడదీసి, కదిలించొద్దని చెప్పింది. తలుపు తీసి, బావకు చెయ్యి పట్టేసిందని ఒక్క కేక వేసింది. గంగా నిలయంలో నీళ్లే ఎక్కవు గానీ మాటలు మూడు అంతస్తులూ ఎక్కుతాయి.

ముందుగా రెండో అంతస్తు రామ్మోహనరావు గారు వచ్చారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన ఆయన్ను అందరూ సలహాల రామ్మోహనరావు అంటారు. ఆయన చేతిలో నల్లటి సీసా ఉంది.

"మా తాతగారి నాటి నూనెండి. వాసన చూడకండి, గుణం చూడండి" అంటూ భుజానికి పట్టించారు. గుణం సంగతి ఏమో గానీ, వాసనకు గోడ మీది బల్లి ఇల్లు మారింది.

తరువాత ఎదురింటి సక్కుబాయి పొయ్యి మీంచి తీసిన ఉప్పు మూటతో వచ్చింది. "జర ఓర్సుకో తమ్మీ" అంటూ కాపడం పెట్టింది. ఆ రోజు మొదటి నిజమైన అరుపు రాజేందర్ అప్పుడు అరిచాడు.

మధ్యాహ్నం ఇంట్లో కోడికూర ఘుమఘుమలాడింది. రాజేందర్ ముందు మాత్రం జావ గిన్నె, చెంచా వచ్చాయి.

"కూర?"

"పట్టేసిన కండకు మసాల పడది బావా. తాగు."

"ఎవరన్నరు?"

"ఎమ్మెస్సీ చదివిన్న" అంది నవనీత, కోడి కాలు కొరుకుతూ.

సరే, మ్యాచ్ ఉంది కదా అని రాజేందర్ గుండె దిటవు చేసుకున్నాడు. టీవీ ముందు కూచున్నాడు. అప్పుడే కింద ట్యాంకర్ హారన్ మోగింది. నవనీత టీవీ కట్టేసింది.

"కిందికి రా బావా. క్లాసు ప్రాక్టీస్ చేస్త, వినెటోళ్లు గావాలె. కాళ్లు మంచిగనే ఉన్నయ్ గదా?"

కాళ్లు కూడా పట్టేశాయని పొద్దునే చెప్పనందుకు రాజేందర్ తనను తాను తిట్టుకుంటూ మెట్లు దిగాడు.

కిందికి వెళ్లేసరికి అక్కడ వేరే లోకం. ఇల్లు కట్టేప్పుడు ఇటుకలు గుంజడానికి పెట్టిన గిలక మేడ మీద ఇంకా ఉంది. దాని మీంచి మల్లయ్యతో తాడు వేయించి, కొసకు పెద్ద నీళ్ల డబ్బా కట్టించింది నవనీత. మల్లయ్య పైన, డబ్బాలు దింపుకోవడానికి. మిగతావాళ్లు కింద, తాడు పట్టుకుని వరసగా. రాజేందర్‌ను పక్కన కుర్చీలో కూచోబెట్టి ఆమె పాఠం మొదలుపెట్టింది.

"ఈ తాడు కొస జూడుండ్రి. తాడులో పురులు, పురిలో పోగులు, పోగులో పీచు. కండ గూడ గిట్లనే, కట్టల కట్ట. ఆఖరి పోగుల సన్న తీగెలు, లావు తీగెలు పక్కపక్కన ఉంటయ్. లావు తీగెకు చిన్న చిన్న తలలుంటయ్. అయ్యి సన్న తీగెను పట్టుకుంటయ్, గుంజుతయ్, ఇడుస్తయ్, మళ్ల ముందుకు పోయి పట్టుకుంటయ్. ఇగ కానియ్యుండ్రి. ఈ తాడు సన్న తీగె, మీ చేతులే ఆ తలలు!"

డబ్బా పైకి లేచింది. మెట్లెక్కి మోసే నీళ్లు గోడ పక్కనుంచి వాటంతట అవే ఎక్కినట్టు ఎక్కాయి. సక్కుబాయి చప్పట్లు కొట్టబోయి, తాడు గుర్తొచ్చి ఆగింది. సలహాల రామ్మోహనరావు గారు డబ్బా కిందనే నిలబడి, "ఎడమకండి! కాస్త ఎడమకి!" అని గాలికి సలహాలిస్తున్నారు.

నవనీత గొంతులో తడబాటు లేదు. పప్పు డబ్బాల వెనక నుంచి చదువంతా బయటికొచ్చి నిలబడింది. రాజేందర్ మ్యాచ్ మరచిపోయి నోరు తెరిచి చూశాడు. ఈమెకు ఒక్కపూట ఇవ్వడానికి నేనెంత ఏడ్చాను అనిపించి అతనికి సిగ్గేసింది.

అంతలో మల్లయ్య భార్య చాయ్ తెచ్చింది.

పక్కవాడు పట్టుకున్నాడు కదా అని ప్రతివాడూ తాడు వదిలి గ్లాసు అందుకున్నాడు.

రెండు బకెట్ల నీళ్లున్న డబ్బా రెండో అంతస్తు దగ్గర ఒక్క క్షణం ఆలోచించుకుని, కిందికి బయల్దేరింది. కింద రామ్మోహనరావు గారు "ఎడమకండి!" అంటూనే ఉన్నారు.

రాజేందర్ ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. చున్నీ తెగింది. రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. తాడు అతన్ని ఈడ్చుకుపోయింది, చెప్పులు ఊడిపోయాయి, కానీ వదల్లేదు. డబ్బా పెద్దాయన బట్టతలకు మూరెడు పైన ఆగి, చల్లగా నాలుగు చుక్కలు విదిల్చింది.

అందరూ పరిగెత్తుకొచ్చి తాడు పట్టుకున్నారు. పెద్దాయన పక్కకు జరిగి, ఊపిరి పీల్చుకుని, రాజేందర్ కుడిచెయ్యి వైపు చూశారు. అందరూ చూశారు.

"ఏమండీ, మీ చెయ్యి..."

రాజేందర్ తెగిన చున్నీ వైపు చూశాడు. ఇక ఈ బిల్డింగులో తల ఎత్తుకు తిరిగేది లేదనుకున్నాడు.

"మీ నూనె మహిమ అంకుల్!" అంది నవనీత.

రామ్మోహనరావు గారి మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలేదటండీ!" అంటూ సీసా కోసం పరిగెత్తారు. ఆయన నూనెకు ఆ రోజుతో మూడు అంతస్తుల్లోనూ పేరొచ్చేసింది.

గండం గడిచిందనుకుంటే, రాజేందర్ వేళ్లు తాడును వదలడం లేదు. ఈసారి నిజంగానే బిగుసుకుపోయాయి.

"నవనీ, ఒట్టు! వస్తలేవు!"

"తెలుసు" అంటూ ఆమె నేల మీద కూచుని ఒక్కొక్క వేలే విప్పింది. "ఇడువాల్నన్నా బలం గావాలె బావా. లోపల ఆ తలలకు పట్టు ఇడిసెటందుకు గూడ శక్తి ఖర్చయితది. అది మొత్తం అయిపోతే పట్టు పట్టినట్టే ఉంటది. సచ్చినోళ్లు కొయ్యబారేది అందుకే."

"నేను సచ్చిన్నా?"

"పొద్దున సచ్చిన్నని ఒర్లితివి గదా. ఇప్పుడైతే బతికే ఉన్నవ్, వట్టిగ పట్టుకపోయింది. ఉప్పేసిన మజ్జిగ తాగు."

ఆమె అరచేతులకు పగుళ్లున్నాయి. ఇన్ని నెలలూ ఆఫీసు పని అంటూ అతను తప్పుకున్నప్పుడల్లా బకెట్లు మోసిన చేతులవి. అవే ఇప్పుడు అతని వేళ్లు ఒత్తుతున్నాయి. రాజేందర్‌కు కళ్లు చెమర్చాయి. నూనె ఘాటు అన్నాడు.

సోమవారం పొద్దున అతనికి రెండు భుజాలూ నిజంగా నొప్పి పుట్టాయి. ఎవరితో చెప్పుకుంటాడు? పళ్లు బిగబట్టి స్కూటర్ మీద ఆమెను కాలేజీకి తీసుకెళ్లాడు. వరండాలో నిలబడదామనుకున్నాడు. లోపల ప్రిన్సిపాల్ ఆఖరి బెంచీలో కూచున్నారు. గోడకు తగిలించిన చార్టును చెదలు సగం తిన్నాయి. నవనీత గుమ్మం వైపు చూసి, "లోపలికి రండి" అంది. పెళ్లయ్యాక ఆమె అతన్ని రండి అనడం అదే మొదలు.

ఆమె అతని చొక్కా చెయ్యి పైకి మడిచింది. "చూడండి పిల్లలూ. మడిచేటప్పుడు ముందరి కండ లాగుతుంది. చాపి నెట్టేటప్పుడు వెనక కండ లాగుతుంది, అప్పుడు ముందరి కండకు సెలవు. కండకు లాగడమే వచ్చు, నెట్టడం రాదు."

రాజేందర్ చెవులు ఎర్రబడ్డాయి. నిన్న పొద్దున సెలవు మీదున్న కండ పేరు చెప్పి తాను పెట్టిన కేక అతనికి వినిపించింది.

తరువాత ఆమె తన వేళ్లను అతని వేళ్ల మధ్యకు జార్చింది. "మా వేళ్లు పొట్టివి అయ్యాయా? కాలేదు. ఒకదాని పక్కన ఒకటి జారాయి, చేతులు దగ్గరయ్యాయి. కండ ముడుచుకోవడం అంటే ఇదే."

పిల్లలు ముసిముసిగా నవ్వారు. నలుగురిలో ఆమె చెయ్యి పట్టుకోవడం రాజేందర్‌కూ అదే మొదలు. అతని చెయ్యి వణికింది, నవ్వు పెద్దదైంది.

"నవ్వకండి. ఇది అలసిన కండ" అంది నవనీత. "నిన్న ఒక పెద్దాయన తల కాపాడింది ఈ చెయ్యే."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆఖరి బెంచీలో ప్రిన్సిపాల్ కూడా కొట్టారు. రేపటి నుంచే రమ్మన్నారు.

తిరిగి వస్తుంటే, కూకట్‌పల్లి దాటాక రాజేందర్ నెమ్మదిగా అడిగాడు. "నూకినప్పుడే తెలిసిపోయిందా?"

"అప్పుడే."

"మరి అప్పుడే తిట్టకపోయినవ్?"

"తిడితే అలిగి పడుకుంటుంటివి. నాకు వినెటోడు గావాలె, క్లాసుల చూపెట్టెటందుకు చెయ్యి గావాలె. చార్టుకు చెదలు పట్టిందని వాళ్లు మొన్ననే చెప్పిండ్రు."

రాజేందర్ స్కూటర్ పక్కకు ఆపాడు. "నవనీ, నలుగురిల నా పరువు నిలబెట్టినవ్. ఇన్నేండ్ల సంది నా పని గూడ నువ్వే మోసినవ్. నేనెన్నడు థాంక్స్ అనలే. ఇప్పుడంటున్న."

ఆమె అతని వీపు మీద తల ఆనించి, "నాలుక గూడ కండనే బావా. ఆ ఒక్క ముక్కకు అది ఇన్నేండ్లు పట్టేసినట్టుంది. ఇయ్యాల ఇడిసింది" అంది.

గంగా నిలయం గేటు దగ్గరికి వచ్చేసరికి ట్యాంకర్ హారన్ మోగింది. రాజేందర్ రెండు భుజాలూ సలుపుతున్నాయి. నోరు తెరిచాడు. నవనీత వైపు చూసి మూసుకున్నాడు. స్కూటర్‌కు స్టాండు వేసి, వెళ్లి నీళ్లు పట్టడానికి ఒక్కొక్క డబ్బా మూత తీసి పెట్టాడు.